గడ్డం జాగిలం, గట్టు మీది జోనంగి

సాయంత్రం ఎండ తగ్గగానే హైదరాబాద్‌లోని చిల్కానగర్ గల్లీల్లోకి కుక్కలు వస్తాయి. గొలుసు లాక్కుంటూ లాబ్రడార్లు, గేటు సందుల్లోంచి ముట్టె బయటపెట్టి అరిచే తెల్ల స్పిట్జ్‌లు, ఆడపిల్లల చంకల్లో షిజూలు. వీటన్నిటినీ బైకుల నీడన పడుకుని చూస్తూ ఉండే వీధికుక్కలు. పదేళ్ల కిందట ఇక్కడ పెంపుడు కుక్క అంటే కాపలా కుక్కే. ఇప్పుడు డెబ్బై గజాల ఇంట్లో కూడా పేరున్న జాతి కుక్క ఉంటోంది. దాణా అమ్మే దుకాణాలు ఉప్పల్ నుంచి నాచారం దాకా వరసగా వెలిశాయి.

అలాంటి ఒక దుకాణం దగ్గర విన్న మాట ఈ కథనానికి మూలం. ఇంజినీరింగ్ చదివే కుర్రాడొకడు ఫోన్‌లో ఒక బొమ్మ చూపించాడు. గోధుమరంగు ఒళ్లు, బూడిదరంగు మచ్చలు, గుబురు కనుబొమలు, మీసం, గడ్డం. "అన్నా, ఈ గడ్డం కుక్క మనకాడ దొరుకుతదా? ఎంత పడ్తది?" అని అడిగాడు. దుకాణదారు ఆ బొమ్మను పెద్దది చేసి చూసి, "దొరకదు తమ్మీ. దొరికినా ఈడ ఏం జేస్తది?" అన్నాడు.

ఆ అన్న మామూలుగా అన్నాడు కానీ, కుక్క జాతుల గురించి అడగాల్సిన మొదటి ప్రశ్న అదే. ఏం చేస్తుంది? ఏ పని కోసం పుట్టింది? ఆ పని ఇప్పుడు ఉందా? ఈ మూడు ప్రశ్నలతో ఆ గడ్డం కుక్క వెంట వెళితే జర్మనీ పొలాల మీదుగా తిరిగి మన కొల్లేరు గట్టు మీదకే చేరతాం. అక్కడ మన సొంత జాగిలం ఒకటి పని పోగొట్టుకుని నిలబడి ఉంది.

ఒక్క కుక్క, అన్ని పనులు

ఫోన్‌లోని ఆ కుక్కని జర్మనీలో డాయిష్ డ్రాటార్ అంటారు. ఇంగ్లిషు దేశాల్లో పెరిగే దాని దగ్గరి బంధువుకి జర్మన్ వైర్‌హెయిర్డ్ పాయింటర్ అని పేరు. మగది భుజం దగ్గర 61 నుంచి 68 సెంటీమీటర్ల ఎత్తు ఉంటుంది. ఆడది నాలుగు సెంటీమీటర్లు తక్కువ. పైబొచ్చు బిరుసుగా, ఒంటికి అంటుకుని ఉంటుంది. చేత్తో నిమిరితే కొబ్బరి పీచు తగిలినట్టే. దాని కింద మెత్తటి లోబొచ్చు చలికాలంలో దట్టంగా పెరిగి, ఎండాకాలంలో పలచబడుతుంది. ముళ్లపొదలో దూరినా చర్మం గీసుకుపోదు. చల్లటి చెరువులో ఈది వచ్చి ఒక్కసారి దులుపుకుంటే నీళ్లు జారిపోతాయి. గడ్డమూ కనుబొమలూ అందం కోసం వచ్చినవి కావు. పొదల్లో తల దూర్చి వాసన పట్టే జంతువుకి మొహం మీద రక్షణ అది.

వేటకుక్కల్లో సాధారణంగా పనుల పంపకం ఉంటుంది. గ్రేహౌండ్ కంటితో చూసి తరుముతుంది. ఇంగ్లిష్ పాయింటర్ గాలిలో వాసన పట్టి, గడ్డిలో దాక్కున్న కౌజు పిట్ట ఎటుందో చూపిస్తూ కదలకుండా నిలబడిపోతుంది. రిట్రీవర్ పడిన పిట్టని నోట కరుచుకుని, పన్ను దిగకుండా తెచ్చి చేతికిస్తుంది. బ్లడ్‌హౌండ్ నేల వాసన మీద గంటలకొద్దీ నడుస్తుంది. డ్రాటార్ వీటిలో చాలా పనుల్ని ఒక్కటే చేస్తుంది. పొలంలో పిట్టని చూపిస్తుంది, నీళ్లలోంచి బాతుని తెస్తుంది, గాయపడి అడవిలోకి పారిపోయిన జింకని మర్నాడు కూడా నెత్తుటి జాడ పట్టుకుని వెతుకుతుంది, అడవిపందిని నిలదీస్తుంది, రాత్రికి ఇంటి ముందు కాపలా పడుకుంటుంది.

ఇన్ని పనులు ఒక్క కుక్క మీద ఎందుకు పడ్డాయి? నాకు ఈ కథలో అన్నిటికన్నా ఆసక్తి కలిగించే ప్రశ్న ఇదే. ఎందుకంటే దీనికి జవాబు జంతుశాస్త్రంలో లేదు, భూమి చరిత్రలో ఉంది.

1848 తర్వాత

పాత జర్మనీలో వేట రాజుల, జమీందారుల సొత్తు. రైతు పొలంలో జింక పడి మేసినా దాన్ని కొట్టే హక్కు రైతుకి లేదు. సంస్థానాధీశుల దగ్గర మందలకొద్దీ కుక్కలుండేవి. పందికి ఒక రకం, జింకకి ఒక రకం, పిట్టకి ఒక రకం. వాటిని సాకేందుకు జీతగాళ్లు. 1848లో జర్మన్ రాజ్యాల్లో విప్లవం లేచింది. దాని ఫలితంగా వేట హక్కు దొరల చేతుల్లోంచి జారి భూమి హక్కుతో ముడిపడింది. కొద్దిపాటి పొలం ఉన్న రైతు, ఊళ్లో వైద్యుడు, అటవీ ఉద్యోగి, దుకాణం నడిపే వాడు తుపాకీ పట్టారు. వీళ్లెవరికీ ఐదు రకాల కుక్కల్ని పోషించే స్తోమత లేదు. ఇంట్లో ఒక్క కుక్కకే చోటుంది. ఆ ఒక్కటే అన్నీ చేయాలి.

అప్పటికి జర్మనీలో ఇంగ్లిష్ పాయింటర్లు, సెట్టర్ల మోజు నడుస్తోంది. అవి వేగంగా పరిగెత్తుతాయి, చక్కగా చూపిస్తాయి, అంతటితో తమ పని అయిపోయిందనుకుంటాయి. గాయపడిన జంతువు జాడ పట్టడం వాటి పని కాదు. దీని మీద గట్టిగా కలం పట్టినవాడు జిగిస్ముండ్ ఫాన్ సెడ్లిట్జ్ అనే ప్రభువు. 'హేగెవాల్డ్' అన్న కలంపేరుతో వేట పత్రికల్లో రాసేవాడు. అన్ని పనులూ వచ్చిన, నీటికీ ముళ్లకీ తట్టుకునే కుక్క కావాలని ఆయన వాదన. 1881 ప్రాంతంలో పూడుల్‌నీ పాయింటర్‌నీ జతకట్టించి పుట్టించిన పూడెల్‌పాయింటర్ ఆ ఆలోచన నుంచి వచ్చిందే. ఇవాళ ముద్దుకుక్కగా కనిపించే పూడుల్ ఆ రోజుల్లో నీటివేట కుక్క. తెలివికీ నీటి మీది ఇష్టానికీ దాన్ని ఎంచుకున్నారు.

అదే కాలంలో హాలండ్‌కి చెందిన ఎడ్వర్డ్ కార్తాల్స్ (1851-1896) బిరుసు వెంట్రుకల గ్రిఫాన్‌ని తీర్చిదిద్దాడు. 1870ల్లో కొద్ది కుక్కలతో మొదలుపెట్టి, తర్వాత జర్మనీలోని బీబెస్‌హైమ్‌కి మకాం మార్చి, ఎన్నో తరాల పిల్లల్లోంచి తనకు కావలసినవాటినే ఏరి ముందుకు నడిపాడు. 1887లో ఆ జాతి లక్షణాల పట్టిక వెలువడింది. కార్తాల్స్ 44 ఏళ్లకే చనిపోయాడు. ఆయన పేరుతోనే ఆ జాతి ఇప్పటికీ ఫ్రాన్స్‌లో పెరుగుతోంది.

ఇక డ్రాటార్ సంఘం 1902లో పుట్టింది. వీళ్లు చేసిన పని అప్పట్లో పెద్ద గొడవ అయింది. పూడెల్‌పాయింటర్, గ్రిఫాన్, స్టిఖెల్‌హార్, పొట్టి వెంట్రుకల జర్మన్ పాయింటర్ - వీటిలో దేనిలో మంచి గుణం కనిపిస్తే దాన్ని తీసుకున్నారు. రక్తం కలుషితమవుతోందని మిగతా సంఘాలు మండిపడ్డాయి. డ్రాటార్ వాళ్ల లెక్క వేరు. ఎవరితో జతకట్టించినా సరే, పుట్టుక దాచకుండా పుస్తకంలో రాయాలి, పుట్టిన పిల్ల మంచిదో కాదో పొలంలో పరీక్షే తేల్చాలి. ఆ కుక్క విజయమంతా ఈ లెక్కలోనే ఉందని నా నమ్మకం.

పాసైతేనే పిల్లలు

ఆ పరీక్షల గురించి కొంచెం వివరంగా చెప్పాలి. మన దగ్గర కుక్కల ప్రదర్శన అంటే మెరిసే బొచ్చు దువ్వి, గుండ్రంగా నడిపించి, పతకం తగిలించడం. జర్మనీలో డ్రాటార్‌కి అది చాలదు. ఏడాది వయసులో వసంతకాలపు పరీక్ష ఉంటుంది. కుందేలు వెళ్లిన జాడని కంటితో కాకుండా ముక్కుతో పడుతోందా, పిట్ట వాసన రాగానే నిలబడుతోందా, మనిషితో కలిసి పని చేసే బుద్ధి ఉందా అని చూస్తారు. ఇదంతా నేర్పిన విద్య కాదు, పుట్టుకతో వచ్చిన గుణం. శరదృతువులో రెండోది. ఇందులో నీటిపని ఉంటుంది. రెల్లు గడ్డిలో వెతకాలి, తెచ్చివ్వాలి. ఆ పైన రెండు రోజుల పెద్ద పరీక్ష ఒకటి ఉంది. పొలం, అడవి, నీరు, క్రమశిక్షణ అన్నీ అందులో వస్తాయి. ముందుగా చల్లి ఉంచిన నెత్తుటి చుక్కల జాడని వెతికి పట్టుకోవాలి.

మొదటి రెండు పరీక్షలు దాటి, ఒడ్డూ పొడుగూ బొచ్చూ పరిశీలనలో నెగ్గితేనే ఆ కుక్క పిల్లలకి సంఘం వంశపత్రం ఇస్తుంది. ఆ పత్రంలో తాతముత్తాతల పేర్లతో పాటు వాళ్లకి పరీక్షల్లో వచ్చిన మార్కులు కూడా అచ్చవుతాయి. కొనేవాడు మెరుపు చూసి మోసపోడు, మార్కులు చూసుకుంటాడు. అందగాడైన కుక్కకి ముక్కు మందమైతే దాని వంశం అక్కడితో ఆగిపోతుంది.

యుద్ధాల్లో తుడిచిపెట్టుకుపోయిన జాతుల్ని కూడా ఇదే పద్ధతి బతికించింది. బొహీమియా ప్రాంతపు గడ్డం కుక్క చెస్కీ ఫౌసెక్ మొదటి ప్రపంచయుద్ధం ముగిసేసరికి దాదాపు లేకుండా పోయింది. మిగిలిన కొద్ది కుక్కల్ని వెతికి పోగుచేసి, లెక్కలు రాసి, దగ్గరి బంధువుల రక్తం జోడించి మళ్లీ నిలబెట్టారు. ఇవాళ చెక్ దేశపు వేటగాళ్ల ఇళ్లల్లో అది మామూలు కుక్క. ఈ సంగతి గుర్తుంచుకోండి. కొల్లేరు దగ్గరకి వెళ్లినప్పుడు పనికొస్తుంది.

గడ్డం ఎక్కడ రాసి ఉంది

చిల్కానగర్ నుంచి హబ్సిగూడ వైపు కొద్ది కిలోమీటర్లు వెళితే సీసీఎంబీ. అంటే కణ, అణుజీవశాస్త్ర కేంద్రం. ఉప్పల్‌లోనే డీఎన్ఏ వేలిముద్రల సంస్థ సీడీఎఫ్‌డీ కూడా ఉంది. మన దేశంలో డీఎన్ఏ వేలిముద్రల విద్యకి శాస్త్రవేత్త లాల్జీ సింగ్ పునాది వేసింది ఈ చుట్టుపక్కలే. కాబట్టి ఈ కుక్క గడ్డం సంగతిని ఇక్కడివాళ్లకి డీఎన్ఏ భాషలో చెప్పినా కొత్తగా ఉండదు.

2009లో 'సైన్స్' పత్రికలో ఒక పరిశోధన వచ్చింది. అమెరికాలో ఇలైన్ ఆస్ట్రాండర్ బృందం 80 జాతులకి చెందిన వెయ్యికి పైగా కుక్కల డీఎన్ఏని పోల్చి చూసింది. కుక్కల బొచ్చులో మనకి కనిపించే వైవిధ్యంలో ఎక్కువ భాగం మూడంటే మూడు జన్యువుల్లో మార్పులతో వస్తోందని తేల్చింది. ఎఫ్‌జీఎఫ్5 జన్యువు బొచ్చు పొడవుని, కేఆర్‌టీ71 ఉంగరాలని, ఆర్‌ఎస్‌పీఓ2 గడ్డం మీసాలనీ బిరుసునీ నిర్ణయిస్తాయి. ఈ మూడో జన్యువు చివరి భాగంలో 167 అక్షరాల ముక్క ఒకటి అదనంగా చేరితే చాలు, కుక్కకి మీసం మొలుస్తుంది. తల్లి నుంచో తండ్రి నుంచో ఒక్క ప్రతి వచ్చినా సరిపోతుంది. పొట్టి వెంట్రుకల కుక్కల్లో, వాటి మూలమైన తోడేళ్లలో ఈ మూడు మార్పులూ లేవు.

దీనితో ఒక పాత చిక్కు విడిపోయింది. రెండు గడ్డం కుక్కలకి ఒక్కోసారి నున్నటి పిల్ల ఎందుకు పుడుతుందో వంద ఏళ్ల కిందటి పెంపకందారులకి అంతుబట్టేది కాదు. తల్లీ తండ్రీ చెరొక నున్నటి ప్రతిని లోపల దాచుకుని ఉంటారు. అవి రెండూ ఒకే పిల్లకి చేరితే గడ్డం రాదు. బొచ్చు అలా రావడానికి జన్యువులో ఒక్క ముక్క చాలు. ముక్కు, ధైర్యం, మాట వినే బుద్ధి మాత్రం ఏ ఒక్క జన్యువులోనూ దొరకవు. వాటి కోసమే పొలంలో పరీక్ష పెట్టాల్సి వచ్చింది.

ఇక్కడ ఏం చేస్తుంది?

దుకాణదారు ప్రశ్నకి వద్దాం. డ్రాటార్ చిల్కానగర్ వస్తే ఏం చేస్తుంది? రోజుకి గంటలకొద్దీ పరిగెత్తడానికి కట్టిన ఒళ్లు అది. ఇక్కడ గల్లీ పొడవు వంద అడుగులు. మే నెలలో హైదరాబాద్ ఎండ 40 డిగ్రీలు దాటుతుంది, సిమెంటు రోడ్డు రాత్రి పదింటిదాకా సెగలు కక్కుతుంది. పని లేని పనిమంతుడు ఇంట్లో కుదురుగా ఉండడు. సోఫాలు చీలుస్తాడు, గోడ దూకుతాడు, గొలుసు కొరుకుతాడు. చివరికి ఏదో ఒక రాత్రి ఏ ఔటర్ రింగురోడ్డు దగ్గరో కారు దింపి వదిలేస్తారు. మన నగరంలో ఖరీదైన జాతులకి జరుగుతున్నది ఇదే. 2023 ఫిబ్రవరిలో పక్కనే అంబర్‌పేటలో వీధికుక్కల దాడిలో చిన్న పిల్లవాడు చనిపోయాడు. ఆ తర్వాత కూడా కుక్కని తెచ్చుకోవడాన్ని ఫోన్ కొన్నంత తేలిగ్గా తీసుకుంటే అది మనుషులకీ కుక్కలకీ చేసే ద్రోహమే.

ఇక వేట. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం వేటకి చెప్పిన అర్థంలో చంపడమే కాదు, తరమడం, పట్టడం, వల వేయడం, వాటికోసం చేసే ప్రయత్నం అన్నీ ఉన్నాయి. కుందేలు మీదకి కుక్కని ఉసిగొల్పితే కుందేలు తప్పించుకున్నా నేరమే. ఈ చట్టం రావడం మంచిదని నేను మనస్ఫూర్తిగా నమ్ముతాను. ఉప్పల్‌కి దగ్గర్లోని వనస్థలిపురంలో మహావీర్ హరిణ వనస్థలి ఒకప్పుడు నిజాముల వేట మైదానం. ఇవాళ అక్కడ కృష్ణజింకలు నగరం హోరు మధ్య నిర్భయంగా మేస్తున్నాయంటే దానికి కారణం ఆ చట్టమే. అత్తాపూర్‌లోని సీసీఎంబీ వన్యప్రాణి ప్రయోగశాల లాకోన్స్‌కి దేశం నలుమూలల నుంచి మాంసం ముక్కలు, చర్మపు పీలికలు వస్తాయి. అవి ఏ జంతువువో డీఎన్ఏతో తేల్చి కోర్టుకి చెబుతారు. వేటకుక్క ముక్కు కూడా ఇప్పుడు ఇదే పనిలోకి మారింది. గ్వాలియర్ దగ్గర టేకన్‌పూర్‌లో సరిహద్దు భద్రతా దళం వన్యప్రాణి స్మగ్లర్లని పట్టే కుక్కలకి శిక్షణ ఇస్తోంది.

మరి వేట పోయిన చోట వేటజాతి ఎందుకు బతకాలి? ఈ ప్రశ్నని డ్రాటార్‌కి కాదు, మన కుక్కలకి వేయాలి.

మన వేటకుక్కల వెనక

తెలుగు నేల మీద వేటకుక్కకి పెద్ద చరిత్రే ఉంది. పెద్దన స్వరోచి వేటనీ, ధూర్జటి తిన్నడి వేటనీ ప్రబంధాల్లో సాగదీసి వర్ణించారు. అహోబిలం నరసింహస్వామి సంక్రాంతి వెళ్లగానే పార్వేటకి బయల్దేరి నల్లమల పల్లెలన్నీ తిరిగి వస్తాడు. పొరుగున కన్నడ నేల మీద 10వ శతాబ్దపు ఆతకూరు శాసనం ఉంది. తక్కోలం యుద్ధంలో గెలిచిన మనలేరుడు బహుమతిగా ఏం కావాలంటే గంగరాజు బూతుగుడి దగ్గరున్న 'కాళి' అనే జాగిలాన్ని అడిగాడు. ఆ కాళి అడవిపందితో పోరాడి, దాన్ని చంపి తానూ చచ్చింది. దానికి రాయి నిలిపి పూజ ఏర్పాటు చేశారు. ఆ రాయి ఇప్పుడు బెంగళూరు మ్యూజియంలో ఉంది.

1940ల్లో యుద్ధం వల్ల నిజాం రాజ్యంలో చిక్కుబడిపోయిన ఆస్ట్రియా శాస్త్రవేత్త ఫ్యూరర్ హైమెన్‌డార్ఫ్ నల్లమల చెంచుల మధ్య ఉండి, వాళ్ల జీవితం మీద 1943లో పుస్తకం ప్రచురించాడు. తర్వాత ఉస్మానియాలో పాఠాలు చెప్పాడు. విల్లు, బాణం, పక్కన కుక్క - చెంచు మనిషి అడవిలోకి వెళ్లే తీరు ఇది. ఉప్పల్‌లోని బీరప్పగడ్డ దాటేటప్పుడల్లా నాకు కురుమల మందలు గుర్తొస్తాయి. మంద చుట్టూ పడుకునే ఆ కుక్కకి తోడేలుని తరమడం, తప్పిన గొర్రెపిల్లని వెతకడం, దొంగని పసిగట్టడం అన్నీ వచ్చు. జర్మనీ వాళ్లు పుస్తకం పెట్టి తయారుచేసిన కుక్కకి ఇది ఏం తక్కువ? పుస్తకం ఒక్కటే తక్కువ.

పుస్తకానికి ఎక్కిన మన దేశవాళీ జాతులు కొన్ని ఉన్నాయి. తెలుగు నేల వదిలి తమిళదేశం వెళ్లి స్థిరపడి, ఇంట్లో నేటికీ తెలుగు మాట్లాడే రాజుల ఊరు రాజపాళయం. ఆ ఊరి తెల్ల జాగిలం పందివేటకీ కాపలాకీ పేరుపడింది. కర్ణాటక ముధోల్ జాగిలాన్ని 2016లో సైన్యం మీరట్‌కి శిక్షణకి తీసుకుంది. 2005 జనవరి 9న తపాలా శాఖ రాజపాళయం, ముధోల్, రాంపూర్, హిమాలయ గొర్రెల కుక్కల బొమ్మలతో బిళ్లలు వేసింది. కర్నాల్‌లోని జాతీయ పశు జన్యువనరుల సంస్థలో మొదట నమోదైన శునక జాతులు రాజపాళయం, ముధోల్, చిప్పిపారై. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ పోలీసులు 1989లో మెరుపుదళం పెట్టుకుని దానికి వేటకుక్క పేరే పెట్టారు, గ్రేహౌండ్స్ అని. ఆ పేరు కూడా పరాయి జాగిలానిదే. ఈ జాబితాల్లో ఎక్కడా మన కోస్తా కుక్క లేదు.

జోనంగి

జోనంగి జాగిలం కొల్లేరు చుట్టుపక్కలది, కృష్ణా గోదావరి డెల్టాల మధ్య ఊళ్లది. ఒంటి మీద బొచ్చు ఉందా లేదా అన్నంత పొట్టిగా, నున్నగా ఉంటుంది. గడ్డం కుక్కకి పూర్తిగా ఎదురు రూపం. చిత్తడి నేలలో, ఉక్కపోతలో బతికే జంతువుకి ఇంతకన్నా మంచి చర్మం లేదు. బురద ఆరగానే రాలిపోతుంది. నుదుటి మీద ముడతలు పడి ఎప్పుడూ ఏదో ఆలోచిస్తున్నట్టు కనిపిస్తుంది. మామూలు కుక్కల్లా గబగబా మొరగదు. గొంతు సాగదీసి రాగం తీసినట్టు అరుస్తుంది. నేలలో గుంట తవ్వుకుని అందులో ముడుచుకుని పడుకోవడం దానికి ఇష్టం. ఒక మనిషికో ఒక కుటుంబానికో అంటిపెట్టుకుంటుంది. కొత్తవాళ్లు పిలిస్తే రాదు.

దాని పని ఏమిటో వింటే డ్రాటార్ గుర్తుకు రాక మానదు. చిన్న జంతువుల వేటకి గుంపుగా వెళ్లేది. ఇంటికి కాపలా ఉండేది. అన్నిటికన్నా విచిత్రంగా, బాతుల్ని కాసేది. వరి కోతలయ్యాక బాతుల మందల్ని చేలల్లోకి తోలేవారు. రాలిన గింజలు, నత్తలు, పురుగులు తింటూ మంద ఒక చేను నుంచి మరో చేనుకి కదిలేది. వందల బాతుల్ని గట్టు దాటించాలంటే ఒక మనిషి, ఒక కర్ర, ఒక జోనంగి. వేటజంతువు తన నోటి ముందు నడిచే పిట్టని కొరక్కుండా దారిలో పెట్టడం ఎంత పెద్ద విద్యో ఆలోచించండి. జర్మనీ పరీక్షలో మెత్తటి నోటికి మార్కులు వేస్తారు. జోనంగికి మార్కులు వేసినవాళ్లు లేరు కానీ రోజూ ఆ పరీక్షే.

కొల్లేరు మారిపోయింది. వరి చేలు చేపల చెరువులయ్యాయి. కోత చేను లేకపోతే రాలిన గింజ లేదు. గింజ లేకపోతే బాతుల మంద లేదు. మంద లేకపోతే కుక్కకి పని లేదు. 1999లో కొల్లేరుని వన్యప్రాణి అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో రాంసార్ చిత్తడి నేలల జాబితాలో చేరింది. 2006లో ఐదో కాంటూరు అనే ఎత్తు గీతకి లోపలున్న చేపల చెరువుల గట్లని పగలగొట్టారు. సరస్సు మీద, పెలికాన్ల మీద, చేపల రైతుల నష్టాల మీద ఎన్నో కమిటీలు, ఎన్నో కేసులు నడిచాయి. అవన్నీ జరగాల్సినవే. ఆ గట్ల మీద తిరిగిన కుక్క గురించి మాత్రం ఏ కమిటీ మాట్లాడలేదు. పని పోయిన జోనంగులు ఊరి కుక్కల్లో కలిసిపోయాయి. రక్తం కలిసింది, రూపం చెదిరింది. ఇవాళ మేలైన జోనంగిని చూడాలంటే వెతుక్కోవాల్సిందే.

ఏం చేయొచ్చు

ఈ మధ్య దేశవాళీ కుక్కల మీద ప్రేమ పెరిగింది. 2020 ఆగస్టులో ప్రధాని రేడియో ప్రసంగంలో దేశవాళీ జాతుల పేర్లు వినిపించాక ముధోల్, రాజపాళయం పిల్లలకి గిరాకీ లేచింది. ఇది నాకు సంతోషమూ, భయమూ. భయం ఎందుకంటే గిరాకీ ముందు వచ్చి లెక్కలు తర్వాత వస్తే జాతి చెడిపోతుంది. రాజపాళయంలోనే చూడండి. పాలలా తెల్లగా ఉండాలి, ముక్కు గులాబీరంగులో ఉండాలి అన్న మోజు తెల్లదనాన్నే ఏరుకుంటూ పోయింది. తెల్లరంగు జన్యువుతో చెవుడు ముడిపడి ఉండటంతో ఆ జాతిలో చెవిటి పిల్లలు సమస్య అయ్యాయి. రంగు చూసి ఎంచుకుంటే జరిగేది అదే. రేపు జోనంగిని కూడా నుదుటి ముడతలు చూసి కొనడం మొదలుపెడితే పదేళ్లలో ముడతలు మిగులుతాయి, కుక్క పోతుంది.

కాబట్టి చిల్కానగర్ కుర్రాడికి నేను చెప్పగలిగింది ఇది. నీకు గడ్డం కుక్క నచ్చితే దాని గురించి చదువు. దాన్ని తెచ్చుకోవద్దు. అది తన పొలాల్లో, తన చలిలో హాయిగా ఉంది. కుక్క కావాలంటే మీ వీధిలోనే పుట్టిన పిల్లకి టీకాలు వేయించి పెంచుకో. ఈ ఎండకి పుట్టిన ఒళ్లు అది. నీ దగ్గర ఊళ్లో చేను ఉంటే, రోజూ పరిగెత్తించే ఓపిక ఉంటే, అప్పుడు జోనంగి గురించి ఆలోచించు. పిల్లని కొనేముందు దాని తల్లి ఎవరు, తండ్రి ఎవరు, అవి ఏం చేస్తాయి అని అడుగు. జవాబు రాకపోతే కొనకు.

పెద్ద పని మాత్రం సంస్థలది. మొదట లెక్క. ఏలూరు, కృష్ణా, పశ్చిమ గోదావరి జిల్లాల్లో ఊరూరా తిరిగి మిగిలిన జోనంగుల్ని గుర్తించి, ఫొటోతో, కొలతలతో, యజమాని చెప్పే వంశంతో ఒక పుస్తకం మొదలుపెట్టాలి. పశువైద్య విశ్వవిద్యాలయాల విద్యార్థులు సెలవుల్లో చేయగలిగిన పని ఇది. నెత్తుటి చుక్కలు తీసుకుంటే ఏ కుక్క ఎంత కలిసిందో చెప్పగల ప్రయోగశాలలు ఉప్పల్ రోడ్డు మీదే ఉన్నాయి. దగ్గరి రక్తసంబంధం ఉన్న జతల్ని తప్పించడానికీ అదే ఆధారం. చెక్ దేశం వాళ్లు ఏ డీఎన్ఏ పరీక్షా లేని రోజుల్లోనే చేశారు.

తర్వాత పరీక్ష. వేట అక్కర్లేదు, ఒక్క పిట్ట ఈక రాలనక్కర్లేదు. వరి కోతలు ముగిశాక కొల్లేరు ఒడ్డున ఒక చేను తీసుకోవచ్చు. యాభై బాతులు, ఒక పంటకాలువ, రెండు గట్లు. కుక్క మందని ఈ గట్టు నుంచి ఆ గట్టుకి కాలువ దాటించాలి. విడిపోయిన బాతుని కరవకుండా తిప్పి తేవాలి. యజమాని ఈలకి ఆగాలి. ఒక మనిషి చేలో నడిచి వెళ్లిన అరగంటకి ఆ జాడ పట్టి అతన్ని చేరాలి. రాత్రి అపరిచితుడు వస్తే రాగం తీసి ఇల్లు లేపాలి, మీద పడకూడదు. ప్రతిదానికీ మార్కులు. ఆ మార్కులు పిల్లల పత్రం మీద అచ్చు కావాలి. న్యాయనిర్ణేతలుగా కొల్లేరు ఊళ్లలో ఒకప్పుడు బాతుల్ని తోలిన పెద్దవాళ్లని కూర్చోబెట్టాలి. ఆ తరం ఇప్పుడు డెబ్బై దాటింది. జోనంగి ఎలా నడిస్తే మంచిదో, ఏ చూపు చూస్తే పనికొస్తుందో చెప్పగలిగినవాళ్లు వాళ్లే. పరీక్ష ఈ సంక్రాంతికి కుదరకపోతే వచ్చే సంక్రాంతికి పెట్టుకోవచ్చు. ఆ పెద్దల దగ్గరకి మాత్రం ఈ ఏడే వెళ్లాలి.